ఉండకూడని చేయి

ఆ ఉదయానికి అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. జట్టులోని స్నేహితురాలి ఇంటికి వెళ్లి చార్జింగులో పెట్టిన బ్యాటరీ తెచ్చుకోవాలి. దాన్ని రోబోకు తగిలించి, తండ్రి కారులో పోటీ హాలుకు చేరుకోవాలి. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కనుక ఆమెకిదే ఆఖరి అవకాశం. "దాన్నెవరూ ముట్టుకోకండి," అని భోజనాల బల్ల మీది రోబోను చూపించి మరీ వెళ్లింది.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో టీచరు ఫోను చేసింది. తండ్రి ఎత్తాడు. ఆయన ప్రూఫ్ రీడరు. ఎదుటివారి వాక్యంలో ఒక్క అక్షరం జారినా నిద్రపట్టని మనిషి.

"నిర్మాణ నిబంధనలు మరోసారి గుర్తు చేద్దామనండీ. రోబోలో పెద్దల చేయి ఉండకూడదు. ఉంటే పోటీకి రానివ్వరు."

వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అది ఒక్క 'ల'ను మాత్రం మింగేసింది. ఆయనకు వినిపించినది 'పెద్ద చేయి'.

"అమ్మో! సమయానికి చెప్పారు. మీ మేలు మరిచిపోలేం," అని ఆయన ఫోను పెట్టేసి, ఇనుము కోసే రంపం తీశాడు. బంతులు ఎత్తడానికి పిల్లలు నెలల తరబడి అమర్చిన మూరెడు చేయి క్షణాల్లో సగమైంది.

"ఒరేయ్, బంతులకి మొండిచేయి చూపిస్తుందేంట్రా ఇది?" అంది ఆయన తల్లి.

భార్య గరిటెతో వచ్చింది. "పక్కకి జరగండి. ఇది కడితే ఎత్తుతుంది."

"మళ్లీ పెద్దదవుతుంది కదే!"

"ఇది చేయి కాదండీ, గరిటె."

ఆ తర్కానికి తలూపి ఆయన పక్కకి జరిగాడు. గరిటె బరువుకు రోబో ముక్కు బల్లకు ఆనించింది. నాయనమ్మ దాని వెనక్కి ఒక ఇత్తడి తాళంకప్ప కట్టి నిలబెట్టింది.

అమ్మాయి వచ్చి చూసి నిలువునా నీరైపోయింది. "టీచరుగారే చెప్పారు తల్లీ," అన్నాడు తండ్రి. నిబంధన మారిందేమో అనుకుని, ఆమె బ్యాటరీ తగిలించి, అందరితో పాటు కారెక్కి, దారి పొడవునా దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

తనిఖీ బల్ల దగ్గరి ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది. "ఇందులో పెద్దల చేయి ఏమైనా ఉందా?"

"లేదండీ," అన్నాడు తండ్రి సగర్వంగా. "అంత పెద్ద చేయినీ నేనే కోసేశాను."

"కొయ్యడం ఆయన. గరిటె మాత్రం నాది," అంది భార్య.

"తాళంకప్ప నాదమ్మా," అంది నాయనమ్మ, ఎక్కడ తన పేరు జారిపోతుందోనని.

"పెద్ద చేయి కాదండీ. పెద్దల చేయి!" అంది ఆవిడ.

ప్రూఫ్ రీడరు ముఖం తెల్లకాగితమైంది. ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

"అవన్నీ మావాళ్లు చేసినవేనండీ. చక్రాలూ మోటార్లూ మాత్రం మేం చేసినవి."

"నిజం చెప్పావు. వాళ్లు ముట్టుకున్నవన్నీ పీకెయ్. మిగిలింది కదిలితే పంపిస్తా."

చేయి, గరిటె, తాళంకప్ప ఊడాయి. మిగిలినది చదునైన ముఖం గల ఒక పెట్టె. పోటీలో బంతులు గీత దాటాలన్నారే గాని, ఎత్తి దాటించాలని ఎవరూ అనలేదు. మిగతా రోబోలు ఒక్కో బంతినీ ఆచితూచి ఎత్తి, గాలిలో కాసేపు ఆలోచించి జారవిడుస్తుండగా, చేతుల్లేని పెట్టె ఎదురొచ్చిన బంతులన్నింటినీ ఊడ్చుకుంటూ గీత దాటించింది.

అమ్మాయి కప్పు పట్టుకుని పరుగున వచ్చి ముగ్గురినీ ఒక్కసారే వాటేసుకుంది. "మీరు దాన్నంత పాడు చెయ్యకపోతే, తోస్తే చాలని మాకు తట్టేదే కాదు! చాలా థాంక్స్ నాన్నా, అమ్మా, నాయనమ్మా!"

తాము ఇంత సాయం చేశామన్న సంగతి ఆ ముగ్గురికీ అప్పుడే తెలిసింది.