పదివేల వాలా, ఒకే ఒక్క కండువా

ఒక పెద్ద అడవిలో, ఓట్ల లెక్కింపు ముగిసిన పూట, ఎలుగుబంటి జాంబయ్యకి కాళ్లు నేలమీద నిలవలేదు. తొమ్మిది వార్డుల్లో ఐదు అతని బెల్లంరంగు పార్టీకి, నాలుగు ముళ్లపంది శూలమ్మ నేరేడురంగు పార్టీకి వచ్చాయి. ఒక్క సీటు తేడా అయితేనేం, పదిహేనేళ్లుగా కలలోకొస్తున్న ఛైర్మన్ కుర్చీ దక్కినట్టే!

సభ్యులు పూటకో కండువా మార్చి అడవి పరువు తీస్తున్నారని, పోయిన సభలో పట్టుబట్టి చట్టం చేయించింది జాంబయ్యే. ఫలితాలు వచ్చాక మెడలో మొదట ఏ కండువా పడితే ఐదేళ్లూ అదే పార్టీ. తీశారా, సీటు పోతుంది.

"అన్నా, మనవాళ్లు నలుగురూ కండువాలు వేసేసుకున్నారు. నువ్వూ వేసుకో," అన్నాడు కార్యకర్త కోతి కొమ్మయ్య.

"ఇక్కడెందుకురా? శూలమ్మ గుమ్మం ముందు, ఆవిడ కళ్లెదుట వేసుకుంటా. ముందు గజమాల, తరవాత కండువా. టపాసులు తెచ్చావా?"

"పదివేల వాలా అన్నా! అడవి అదిరిపోవాలంతే!"

ఊరేగింపు బయల్దేరింది. అడవిపందులు డప్పులు వాయిస్తుంటే జింకలు ఒళ్లు మరిచి చిందులేశాయి. వెనకాల గజమాల మోస్తూ ఏనుగు కుంభయ్య. ఎవరు గెలిచినా దండ ఎత్తేది అతనే, ఆ అడవికి క్రేను అతనే.

శూలమ్మ ఇంటి సందు చిన్నది. వాలా పరిస్తే సగం మిగిలిపోయింది. కొమ్మయ్య మహా తెలివిగా ఆ సగాన్ని చుట్టచుట్టి, ఎవరూ తొక్కకుండా కుంభయ్య పొట్టకింద పెట్టి, రెండోకొస అంటించి వచ్చాడు.

"ఎత్తవయ్యా కుంభయ్యా!" అన్నాడు జాంబయ్య. బంతిపూల దండ అతని నడుం దాకా దిగింది. "శూలమ్మక్కా, కాస్త ఇటు చూడు!"

శూలమ్మ వసారాలో కూచుని, మిగిలిపోయిన నేరేడురంగు కండువా మడతపెడుతోంది. "చూస్తూనే ఉన్నాను తమ్ముడూ," అంది నీరసంగా.

వాలా పటపటా పేలుకుంటూ వచ్చి, కుంభయ్య పొట్టకింద ఒక్కసారిగా భగ్గుమంది. కుంభయ్య ఘీంకరించి, దండ ఇంకా వదలని తొండం విదిలించాడు. దండతో సహా జాంబయ్య గాల్లోకి లేచాడు. జనం అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఈలలు వేశారు.

జాంబయ్య వసారాలో దబ్బున పడ్డాడు. పడ్డది శూలమ్మ ముళ్లకి ఆనుకునే. "చచ్చాన్రా దేవుడా!" అని ఎగిరి కూచున్నాడు.

"అయ్యో, వణికిపోతున్నావే!" అంటూ శూలమ్మ చేతిలో ఉన్న కండువా అతని మెడలో వేసింది. వేసి, వేళ్లమీద లెక్కపెట్టుకుని, మొహం చాటంత చేసుకుంది. "మాకు ఐదు, మీకు నాలుగు. మా పార్టీలోకి స్వాగతం తమ్ముడూ."

జాంబయ్య చెయ్యి కండువా మీదికి వెళ్లింది.

"తీసేస్తావా? సీటు పోతుంది మరి. చట్టం నువ్వు చేయించిందే కదా."

చెయ్యి దిగిపోయింది. పదిహేనేళ్ల కుర్చీ కళ్లముందే వెళ్లిపోతుంటే జాంబయ్యకి ఏడుపు ఆగలేదు. అప్పటికే కుంభయ్య అతని మెడలోంచి దండ లాగి, పొట్ట ఊదుకుంటూ, శూలమ్మకి వేశాడు. డప్పులు మళ్లీ మోగాయి.

"శూలమ్మ అత్తకీ జై! ఇంకో వాలా ఉంది, అంటించమంటావా అత్తా?" అని కొమ్మయ్య అగ్గిపెట్టె తీశాడు.

"మా కొత్త సభ్యుణ్ణి అడుగు," అంది శూలమ్మ.

జాంబయ్య కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టాడు. పార్టీ క్రమశిక్షణ మరి.

నీతి: గెలిచినవాడు టపాసులు అంటించే ముందు, తాను ఏ పార్టీయో ఒకసారి మెడ తడుముకుని చూసుకోవాలి.