బలిసిన ఆల్చిప్పలు

ఆ పొద్దున కాశీరావు వేసుకున్న పథకం తేలికైనదే. బందరులో స్వయంగా ఏరి తెచ్చిన ఆల్చిప్పలను బెజవాడ స్టేషను దగ్గరి దొరల హోటలు బట్లరు సొలొమోనుకు చూపించాలి. ఆయన మెచ్చితే ఆ హోటలుకు రోజూ చేపలు వేసే పని దొరుకుతుంది. అది దొరికితే, నెత్తిన గంపతో పటమట వీధులన్నీ తిరిగే అవస్థ భార్య కొండలమ్మకు తప్పుతుంది.

"ఎంత బలిశాయో చూడవే," అన్నాడు తడిగోనె తొలగించి.

"ఎక్కడ ఏరావయ్యా?"

"ఊరి మురుగు పోయి సముద్రపు పాయలో కలిసే చోట. మిగతా వాళ్ళకి ఆ తెలివి లేదు."

కొండలమ్మ చీపురు పక్కన పెట్టింది. "వాళ్ళకి తెలివుంది కాబట్టే అక్కడ ఏరరు. ఆ నీళ్ళు తాగేగా ఇవి బలిసింది. లోపల ఎన్ని రోగాల పురుగులున్నాయో. దొరలు వీటిని పచ్చివే మింగుతారంట. ఒక్కడు మంచం పట్టినా మనల్ని జైల్లో వేస్తారు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాశీరావు. కలరా రోజుల్లో బావిలో వేసే బ్లీచింగ్ పౌడరు రోగాన్ని చంపగా లేంది, చిప్పల్లో మాత్రం చంపదా అనుకున్నాడు. శానిటరీ వాళ్ళను బతిమాలి ఒక డబ్బా తెచ్చి, ఆల్చిప్పలున్న తొట్టిలో మొత్తం గుమ్మరించి కలియబెట్టాడు.

ఘాటు వీధంతా పాకింది. ఆ ఎండాకాలం ఆ వాసనకు అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. కలరా తగిలిన ఇంటి చుట్టూనే ఆ పొడి చల్లేవారు. ఎదురింట్లో నేత నేస్తున్న చౌడయ్య ముక్కు ఎగబీల్చి, మగ్గం గుంటలోంచి లేచి, తలుపులు బిగించి, "కాశీరావుకి కలరా," అన్నాడు భార్య రాఘవమ్మతో. ఆవిడ దొడ్డిగోడ మీదుగా పక్కింటికి చెప్పింది. కబురు వీధి మలుపు చేరేసరికి కాశీరావు పోయాడు. రెండో మలుపు తిరిగేసరికి కొండలమ్మ కూడా పోయింది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు సాంబమూర్తి కాంపౌండరుతో పరుగున వచ్చాడు. "శవమేదయ్యా?" అన్నాడు, తొట్టి కలుపుతున్న మనిషిని.

"ఎవరి శవమండీ?"

"కాశీరావుది."

"నేనేనండీ కాశీరావుని."

సాంబమూర్తి కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని ఆయనకు కలరా టీకా సూది పొడిపించాడు. పనిలోపనిగా వీధినంతా వరసలో నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే, సరుకు చూడ్డానికి వస్తానన్న సొలొమోను జట్కా వచ్చి ఆగింది. ఘాటూ, సూదుల వరసా చూసి ఆయన దిగకుండానే, "జబ్బా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ. సరుకు ఫస్టు క్లాసు. కాస్త కడుగుతున్నానంతే," అన్నాడు కాశీరావు జబ్బ పట్టుకుని.

కొండలమ్మకు ఇక ఓపిక నశించింది. "సరుకు మంచిది కాదండీ. మా ఆయన మురుగులో ఏరాడు. పైన ఏం పోసినా లోపలి రోగం పోదు. ఎంతిచ్చినా ఇవి మీకివ్వను." తొట్టి ఈడ్చుకెళ్ళి, పెంటగుంటలో బోర్లించి మన్ను కప్పింది. చేతికందిన పని చేతులారా పారబోసుకున్నానని ఆమెకు తెలుసు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా గుంట పూర్తిగా పూడ్చేదాకా ఆగలేదు.

సొలొమోను జట్కా దిగాడు. "పోయిన నెల ఒకాయన ఇలాంటివే మాకు అంటగట్టాడమ్మా. తిన్న దొరలు బతికి బట్టకట్టడమే గొప్ప. మంచి సరుకు తెచ్చేవాళ్ళు బోలెడుమంది. చెడ్డది పారేసే మనిషే దొరకట్లా. రేపట్నుంచి హోటలుకి మీరే వేయండి."

"మరి నేనండీ?" అన్నాడు కాశీరావు.

"ఆవిడ ఏరమన్నచోట ఏరండి."

కొండలమ్మ తలెత్తుకుని లోపలికి నడిచి, అమ్మకం గంపను కడిగి గోడకు తగిలించింది. వీధి వీధంతా ఆమెను మెచ్చుకుంది. తర్వాత కాశీరావును కొడదామని బయల్దేరింది కానీ, సూది వాపుకు ఎవరికీ చెయ్యి లేవక తిట్లతోనే సరిపెట్టుకుంది.