ఎర్ర స్టిక్కరు

పొద్దున్నే ఎవరైనా పలకరిస్తే బాగుంటుంది గానీ కంప్యూటర్ పలకరిస్తే బాగుండదు. లిఫ్టుల కంపెనీలో డ్రాయింగులు గీసే స్కేలు బాబాయిని అది ఇరవై రోజులుగా ఒకే మాటతో పలకరిస్తోంది: "ఈ నెలాఖరుతో ఈ మెషీన్‌కి సపోర్టు ఆగిపోతుంది." వెళ్లొస్తానంటూ గుమ్మంలో గంట నిలబడే చుట్టంలా ఆ మాట తెరమీద నుంచి కదలదు.

ఆ రోజు ఆయన వేసుకున్న ప్లాను చిన్నదే. ఐదింటికల్లా ఆసుపత్రి లిఫ్టు డ్రాయింగు పంపాలి, ఆరింటికల్లా ఇంట్లో చెప్పులు విప్పాలి. పద్నాలుగేళ్ల డ్రాయింగులు ఆ పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వాటిని తెరిచే ప్రోగ్రాము కొత్త మెషీన్లలో ఎక్కదు. అది నేర్చుకోవడానికే ఆయనకు రెండేళ్లూ సగం జుట్టూ పట్టాయి. మరొకటి నేర్చుకోవడానికి సరిపడా జుట్టు లేదు. అందుకే, ఇంకెవరు ముట్టుకున్నా అది ఆగిపోతుందని అందరికీ చెప్పి పెట్టాడు.

తీరా సీటు దగ్గరికొస్తే కంప్యూటర్ నుదుట ఎర్ర స్టిక్కరు.

"స్టిక్కరున్న పాతవన్నీ పదకొండింటికి తుక్కు కింద పట్టుకెళ్తారు బాబాయ్," అంది కంప్యూటర్లు చూసే అమ్మాయి. "కొత్తవి వచ్చే నెల."

"మరి నా డ్రాయింగుల సంగతి?"

"కొత్త ప్రోగ్రాము ఇస్తాంగా. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. మా అమ్మక్కూడా వచ్చేసింది."

"మీ అమ్మగారు లిఫ్టులు గీస్తారా?"

"లేదు, పాత ఫొటోలకి రంగులేస్తుంది."

ఆ అమ్మాయి అటు తిరగ్గానే బాబాయి ఇటు స్టిక్కరు కింద గోరు పెట్టాడు. రాలేదు. వేడి టీ గ్లాసు ఆనించాడు. వచ్చింది, వచ్చి వేలికి అంటుకుంది. ఇంతలో అడుగుల చప్పుడైతే, కంగారులో పక్కనే ఆరేళ్లుగా కిర్రుమంటున్న టేబుల్ ఫ్యాన్‌కి అంటించేశాడు.

మోసేవాళ్లకి చెప్పింది ఒక్కటే, ఎర్ర స్టిక్కరుంటే ఎత్తుకెళ్లమని. మూడు పాత కంప్యూటర్లతో పాటు ఫ్యాన్‌నీ ఎత్తుకెళ్లారు. ఒకటి పోయింది కాబట్టి ఒకటి ఇవ్వాలని స్టోరువాళ్లు కొత్త ఫ్యాన్ పంపారు.

"ఆరేళ్లుగా మొత్తుకున్నా రాని ఫ్యాన్ ఇవాళెలా వచ్చింది బాబాయ్?" అంది ఉత్తరాలు టైపు చేసే అక్కయ్య.

అబద్ధమాడే ఓపిక లేక ఆయన నిజం చెప్పాడు. "స్టిక్కరు పడింది."

భోజనాల వేళకి అమ్మాయి సొరుగులోంచి స్టిక్కర్ల చుట్ట మాయమైంది. ముందు కుంటి కుర్చీలకి పడ్డాయి, తర్వాత తలుపు పడని బీరువాకి. ఆపైన ఆశ పెరిగి, నిరుడొచ్చిన కంప్యూటర్లకీ ఎవరిది వాళ్లు అంటించుకున్నారు. మోసేవాళ్లు ఇంకో రెండు ట్రిప్పులు వేశారు. స్టోరులో మాత్రం కొత్తదంటూ ఉన్నది ఆ ఒక్క ఫ్యానేనట.

మూడింటికి మేనేజరు వచ్చేసరికి జనం బస్సు కోసం చూస్తున్నట్టు గోడల వెంట నిలబడి ఉన్నారు. ఆయన తన గదిలోకి వెళ్లి, కూర్చోకుండానే బయటికొచ్చాడు.

"నా కుర్చీ ఏది?"

"ఎవరో సరదాకి అంటించారు సార్," అంది అక్కయ్య.

"మరి కంప్యూటర్లు?"

"అవి సరదాకి కాదు సార్."

"ఫోన్ చేసి వెనక్కి రమ్మనండి."

"చేశాం సార్. నలగ్గొట్టే మిషన్ చప్పుడుకి వాళ్లకి వినపడలేదట."

మేనేజరు చూపు హాలంతా తిరిగి పాత కంప్యూటర్ దగ్గర ఆగింది. అమ్మాయి చూపు బాబాయి గోటి దగ్గర ఆగింది. గోటి కింద ఎర్రగా ఉంది. బాబాయి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"దీనికి స్టిక్కరు లేదేం?"

"ఊడొచ్చింది సార్."

"ఊడి మంచి పని చేసింది. ఆసుపత్రి డ్రాయింగు?"

"రెండు గీతలున్నాయి సార్."

"గీసేయండి. ఆ తర్వాత కుర్చీలోంచి లేవకండి."

"కుర్చీ లేదు సార్."

"బాబాయికీ కొత్తది వస్తుందని నేనే అంటించా," అంది అక్కయ్య.

డ్రాయింగు ఐదింటికి వెళ్లింది. బాబాయి వెళ్లలేదు. అమ్మాయి ఆ కంప్యూటర్‌కి "కదపరాదు" అని పచ్చ స్టిక్కరు వేసింది. దాని ముందు ఆఫీసంతా కాగితాలు పట్టుకుని వరసలో నిలబడింది. ఇంకెవరు ముట్టుకున్నా ఆగిపోతుందని బాబాయే చెప్పాడు కాబట్టి, అందరి పనీ ఆయన చేతి మీదే అవ్వాలి.

వచ్చే నెల వచ్చింది. కొత్త కంప్యూటర్లు రాలేదు. ఒకటి బాగానే పనిచేస్తోంది కదా అని పైవాళ్లు రాశారు.

పచ్చ స్టిక్కరు గోటికి రావడం లేదు. వేడి టీకీ లొంగలేదు. ఉపాయం తెలిసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి బాబాయికి ఒక ముక్క రాయండి. చేత్తోనే రాయండి, కంప్యూటర్ దగ్గర వరస ఉంది.