రోడ్డెందుకు, మీటరుండగా!

మోటార్‌సైకిల్ నడిపేవాడు రోడ్డు చూడాలనడం ఉత్త మూఢనమ్మకం. చూడాల్సింది మీటరు! రోడ్డు ఎక్కడికీ పారిపోదు. నిన్నటి చోటే, నిన్నటి గుంటలతోనే పడి ఉంటుంది. మీటరు అలా కాదు. క్షణానికో కొత్త కబురు చెబుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను కోవిల్‌పట్టి పక్క నల్లరేగడిలో పత్తీ మినుమూ వేసుకుని బతికే మనిషిని. వానను నమ్మి విత్తనం చల్లేవాడికి అబద్ధాలాడే తీరిక ఉండదు. పోయిన వేసవిలో కొత్త బండి కొన్నాను. దాని మీటరు ముందు మా ఇంట్లో టీవీ బలాదూర్.

మా నాన్న బండికి ఏముండేది? గుండ్రటి డబ్బా, అందులో ఒక ముల్లు. నాకు మీసాలు రాకముందే ఆ ముల్లు నలభై దగ్గర ఆగిపోయింది. బండి కొట్టంలో గేదె పక్కన నిలబడి ఉన్నా నలభైయే! పెట్రోల్ ఉందో లేదో తెలియాలంటే రెండు చేతులా పట్టుకుని బండిని ఊపాలి. లోపల గలగలమంటే ఉన్నట్టు. ఒకవేళ దారిలో ఆగిందా, ఎడమ మోకాలి పక్కనున్న చిన్న మరను రిజర్వ్‌కి తిప్పితే ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోల్‌తో బంకు దాకా ఎలాగో చేరుకునేవాళ్ళం. ఎంత అనాగరికమో చూడండి!

నా కొత్త బండిలో అలాంటి మోటుపనులు లేవు. ఆ మరే లేదు. తెర ఉంది. వేగం చెబుతుంది, గేరు చెబుతుంది, సగటు మైలేజీ చెబుతుంది, స్టాండు తీశావా నాయనా అని అడుగుతుంది, ఫోన్ చేసినవాళ్ళ పేరు చూపిస్తుంది. ఎండ ఎంతుందో కూడా చెబుతుంది. ఆ పనికి ఇన్నాళ్ళూ మేము నెత్తిని వాడుకునేవాళ్ళం! పొదుపుగా నడిపితే ‘ఎకో’ అని పచ్చదీపం వెలిగిస్తుంది. మా ఇంట్లో నన్ను మెచ్చుకున్న మొదటి ప్రాణి అదే.

మరి పెట్రోల్ సంగతో అంటారా? ఎందుకు చూపించదు! అడుగున, ఒక మూలన, గోరంత చోటులో చూపిస్తుంది.

బండి ఇంటికొచ్చిన రోజు మా అమ్మ వీరమ్మాళ్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, హారతిచ్చి, తెర మీద చందనం అద్ది కుంకుమబొట్టు పెట్టింది. అంకెలు మెరిసేచోట అడ్డమెందుకని పాపం ఖాళీగా కనిపించిన మూల వెతికి మరీ పెట్టింది. ఆ నిండు బొట్టు సరిగ్గా పెట్రోల్ గీతల మీద కూర్చుంది.

“తుడిచేవురా! సామి బొట్టు. దానంతట అదే రాలిపోవాల. మన చేత్తో తుడిస్తే బండికి అచ్చిరాదు,” అంది.

రాజ్యాంగానికైనా సవరణలున్నాయి గానీ మా అమ్మ మాటకు లేవు. నేనూ బెంగపడలేదు. అన్ని సంగతులు చెప్పే తెర మీద ఒకటి కనిపించకపోతే కొంపలేం మునుగుతాయి?

మా పెదనాన్న కొడుకు కుమారవేల్‌కి మాత్రం ఈ నాగరికత గిట్టలేదు. వాడిది పక్కిల్లే. చిన్నప్పట్నుంచీ నాకూ వాడికీ ప్రతిదాంట్లో పోటీ. వాడి బండికి మీటరు ఉండాల్సిన చోట ఇప్పుడు రెండు తీగలు వేలాడుతుంటాయి.

“ఏం తమ్ముడా, ఇందులో సినిమా కూడా ఆడతాదా?” అన్నాడు గోడ మీంచి చూస్తూ. “బండిని ఒకపరి ఆట్టి చూడరా. సద్దం వస్తే పెట్రోల్ ఉండాది, రాకుంటే లేదు. అంతేనే! దానికి ఇంత దీపాలెందుకు?”

ఆట్టడమంటే ఊపడం. కొత్త బండిని పట్టుకుని ఊపమంటాడు! అసూయ మనిషి చేత ఎన్ని మాటలనిపిస్తుందో అనుకున్నాను.

ఇంతలో మా చెల్లెలు పాండిసెల్వి ఇంట్లో వేడుక వచ్చింది. చెల్లెల్ని విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చాం. దాని కూతురు దేవిప్రియకు చెవులు కుట్టించాలి. మాలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాకే కంసాలి సూది తీస్తాడు. కమ్మలు తెచ్చేదీ మేనమామే. పాండిసెల్వికి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ ఒడి నాది. నేను లేకపోతే? వరసకు అన్న కాబట్టి కుమారవేల్ ఒడి! “నువ్వు రాకుంటే చెప్పరా, నేను పట్టుపంచె ఉతికి పెట్టుండాను,” అని వాడు నవ్వుతూ నాలుగుసార్లన్నా అని ఉంటాడు.

ఆ మాట పడ్డందుకే అందరికంటే ముందు చేరాలనుకున్నాను. ఇంట్లోవాళ్ళు ముందురోజే బస్సులో వెళ్ళారు. నేను తెల్లారగానే స్నానం చేసి, కమ్మల డబ్బీ జేబులో వేసుకుని, బండెక్కాను.

నాలుగు లైన్ల రోడ్డు మీద తెర చూసుకుంటూ పోతుంటే రాజాలా ఉందండీ! కాసేపటికి బండి కీచుమంది. నేను లెక్కచెయ్యలేదు. స్టాండు వేసినా కీచుమంటుంది, ఫోన్ వచ్చినా కీచుమంటుంది, సర్వీసు దగ్గరపడినా కీచుమంటుంది. పలకరిస్తోందనుకుని “వస్తున్నాంలే తల్లీ” అన్నాను కూడా. సాత్తూరు దాటాక మరికాస్త గట్టిగా పలకరించి, ఆగిపోయింది.

నా ఎడమచెయ్యి దానంతటదే మోకాలి పక్కకు పోయింది. మర లేదు. మళ్ళీ తడిమాను. ప్లాస్టిక్ రేకు తప్ప ఏమీ తగల్లేదు.

తెర మాత్రం ఎంత ధైర్యం చెప్పిందనుకున్నారు! నేను బండి తోస్తుంటే వేగం నాలుగంది. గేరు న్యూట్రలంది. ఎండ ముప్ఫై ఎనిమిదంది. చుక్క పెట్రోల్ తాగకుండా నడిచే బండికి మైలేజీ ఎంత రావాలి? ఎకో దీపం పచ్చగా వెలిగింది! నేను రొప్పుతూ తోసినంతసేపూ అది నన్ను మెచ్చుకుంటూనే ఉంది.

బండి వదిలేసి బస్సెక్కొచ్చు కదా అంటారా? కొత్త బండిని రోడ్డు పక్క వదిలేసే మగాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. వెంబకోట్టై పటాసుల యూనిట్‌కి పనికి పోతున్న ఒకాయన మోపెడ్ ఆపాడు. సీసాలో పెట్రోల్ తెచ్చిపెట్టమంటే దండం పెట్టేశాడు. రోజంతా మందులో చేతులు పెట్టే మనిషి పెట్రోల్ సీసా ముట్టుకోనంటే నేనేమనగలను?

తెర మీద పాండిసెల్వి పేరు వెలిగింది.

“అన్నా, యాడుండావు? ఆసారి సూది పట్టుకోని కూచోనుండాడు,” అంది. ఆసారంటే మా వాళ్ళ భాషలో కంసాలి.

“ఇదో, వచ్చేస్తిమ్మా.”

“సీక్కిరం రా అన్నా. మంచి గడియ దాటిపోతా ఉండాది. పెద్దోళ్ళు సణుగుతా ఉండారు.”

మళ్ళీ వెలిగింది. మళ్ళీ మళ్ళీ వెలిగింది. ఆ తర్వాత ఆ పేరు రావడం ఆగిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

బంకు దాకా తోసి, పెట్రోల్ పోయించి, విరుదునగర్ చేరేసరికి పందిట్లో ఆకులు వేస్తున్నారు. దేవిప్రియ చెవులకు బంగారు తీగలున్నాయి. ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయింది. నేను చేతులు చాపితే కుమారవేల్ మెడ కరుచుకుని అటు తిరిగిపోయింది.

“సూది గుచ్చితే మామా అని ఏడ్చిందన్నా,” అంది పాండిసెల్వి. “నువ్వు లేకపోతివి.”

ఏం చెప్పను? మైలేజీ బాగా వచ్చిందని చెప్పనా? నాకు ఏడుపొచ్చింది.

అన్నాలయ్యాక కుమారవేల్ బయటికొచ్చి, నా బండి హ్యాండిల్ పట్టుకుని ఒకసారి ఊపి, చెవి పెట్టి విన్నాడు. “ఇప్పుడు ఉండాది తమ్ముడా. పైలంగా పో,” అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

అయినా నా వాదన వాదనే! కంపెనీ దొరలారా, మీటర్లో ఇంకా పెట్టండి. తిథి, రాహుకాలం, మార్కెట్లో మినుముల ధర, నడిపేవాడి బీపీ, అన్నీ పెట్టండి. ఒక మూల మాత్రం ఉత్తగా వదలండి, మా అమ్మ బొట్టు పెట్టుకుంటుంది. మోకాలి పక్క ఆ పాత మర ఒకటి బిగించండి. అది మెరవకపోయినా ఫరవాలేదు. మేము ఎవరికీ చెప్పం.

బొట్టు ఇంకా రాలలేదు. బండిని కాపాడుతోంది అదేనని అమ్మ సంబరం. నేనూ తుడవలేదు. పొద్దున బయలుదేరేముందు కుమారవేల్ చూడకుండా కొట్టం తలుపు దగ్గరికేసి, రెండు చేతులా పట్టుకుని బండిని ఊపుతున్నాను.

నిన్న అలా ఊపుతుంటే రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి ట్యాంకులోది. రెండోది నా చొక్కా జేబులోది, డబ్బీలో కమ్మలు. దేవిప్రియ చెవులు మానాయట, కమ్మలు మామ చేత్తోనే పెట్టాలని పాండిసెల్వి కబురు పంపింది. పెట్రోల్ ఉంది, కమ్మలూ ఉన్నాయి. విరుదునగర్ పోవడానికే మొహం చెల్లడం లేదు.