ఇరవైరెండు పాత చీరలు

బుధవారం పొద్దున్నే కూతురికి రెండు జడలు వేసి బడికి పంపించాక, లక్ష్మీదుర్గ గోనెసంచి తీసింది. తను కుట్టిన చిన్నపిల్లల గౌన్లు పది, జుబ్బాలు ఎనిమిది, అంబాజీపేటలో కొన్న కొబ్బరిపీచు కాళ్ళపట్టాలు నాలుగు, చిప్పగరిటెలు అరడజను అందులో సర్దింది. అమలాపురం వెళ్ళి, నెట్ సెంటర్లో వీటన్నిటికీ ఫొటోలు తీయించి, ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టించాలని ప్లాను. అది రెండువేల ఎనిమిది. ఆ వీధిలో ఇంటర్నెట్ అంటే పరీక్ష ఫలితాలు చూసుకునే చోటని మాత్రమే తెలుసు.

ఈ ప్లానంతా మొగుడి కోసం. పెద్దిరాజు ఆరేళ్ళుగా మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు అక్కడే, పెట్టకపోతే ఇంటికి. "వచ్చేసి ఏం తింటాం దుర్గా?" అని అతను ఫోన్లో అడిగాడు. ఆ ప్రశ్నకు నోటితో కాదు, ఆర్డర్లతో జవాబు చెప్పాలని ఆమె పట్టుదల. ఐదేళ్ళ పద్మశ్రీ దృష్టిలో నాన్నంటే శుక్రవారం మోగే సెల్‌ఫోను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లక్ష్మీదుర్గ మిషను ఇంకాస్త జోరుగా తొక్కేది.

ఆర్డరు చేతికొచ్చేదాకా ఈ సంగతి మొగుడితో సహా ఎవరికీ చెప్పదలచుకోలేదు. మొలకెత్తకుండానే నలుగురి నోట్లో పడితే దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ అనేది. చెప్పకపోవడం వల్ల తగిలేవి కూడా కొన్ని ఉంటాయని ఆవిడ చెప్పలేదు.

నెట్ సెంటర్ శ్రీనివాసరావు ఫొటోలు తీశాడు, వివరాలు కొట్టాడు. రెండు వారాలు ఎవరూ పలకలేదు. మూడో వారం హైదరాబాదు నుంచి ఒక మెయిలు వచ్చింది.

"సీతారత్నంగారని, వాళ్ళ కోడలికి నెలలు నిండేయంటండి," శ్రీనివాసరావు చదివి చెప్పాడు. "బారసాల దాకా బిడ్డకి కొత్తబట్ట వెయ్యకూడదు కదా, మెత్తటి పాత చీరలతో కుట్టిన జుబ్బాలు దొరుకుతాయా అని అడుగుతున్నారు."

"కొత్తవి కొనండని పెడితే పాతవి అడుగుతారేంటండీ?"

"ఆయ్, అదే రాసేరండి మరి."

తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక ఆమెకు వెలిగింది. కొత్త జుబ్బా ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఎన్నో చాకిరేవులు చూసి మెత్తబడ్డ నేతచీర అపార్టుమెంట్లలో ఎక్కడ దొరుకుతుంది? పొత్తిళ్ళలో బిడ్డకు అదే కదా కావాలి! ఇంటికి రాగానే బీరువా తెరిచింది. పెద్దిరాజు పంపినవన్నీ ఒంటిమీద నిలవని జారుడు చీరలు. నేతవి రెండే ఉన్నాయి. ఆ పూటే పక్కింటి పోలమ్మ గుమ్మం ఎక్కింది.

"పోలమ్మగారూ, పాత నేతచీరలుంటే ఇస్తారా అండీ? చిరుగున్నా ఫర్వాలేదు."

ఎందుకని అడగడానికి పోలమ్మ నోరు తెరిచింది. అడిగితే ఏం బాగుంటుందని మూసేసింది. ఆ ఊరి మర్యాద అలాంటిది. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాఫీ ఇస్తారు, బొండం కొట్టిస్తారు, భోంచేసి వెళ్ళమని చెయ్యి పట్టుకుంటారు. ఇబ్బంది పెట్టే ప్రశ్న మాత్రం వేయరు. దాన్ని పక్కింటివాళ్ళను అడుగుతారు.

"ఆయ్, దానికేం భాగ్యమమ్మా," అని పోలమ్మ రెండు చీరలిచ్చింది. వాటితో పాటు రెండు కిలోల బియ్యం కూడా సంచిలో పోసి ఇచ్చింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మస్కట్ పెద్దిరాజు భార్యకు కట్టుకోవడానికి గుడ్డ లేదు! మర్నాటి నుంచి అడగకుండానే చీరలు రావడం మొదలైంది. చీరతో పాటు కందిపప్పు, చింతపండు, ఒకరింటి నుంచి మాగాయ జాడీ. "ఇవన్నీ ఎందుకండీ?" అంటే, "ఉంచమ్మా, పిల్లున్న ఇల్లు," అని తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు. మంచి పని మొదలుపెడితే దేవుడు నలుగురి చేతా చేయిస్తాడనుకుంది లక్ష్మీదుర్గ. ఒకావిడ మడతైనా విప్పని చీర తెచ్చి, "పాతదేనమ్మా," అని అబద్ధమాడింది. లక్ష్మీదుర్గ దాన్ని తిరిగి ఆవిడ చేతిలో పెట్టేసింది. "కొత్తది వద్దండి. నాకు పాతదే కావాలి."

ఆ మాటకు వీధి వీధంతా కళ్ళు తుడుచుకుంది. ఎంత లేకపోయినా ఎంత అభిమానం!

మొత్తం ఇరవైరెండు చీరలయ్యాయి. ఆమె వాటిని ఉడకబెట్టి, ఆరేసి, కత్తిరించడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే బావగారు సత్తియ్య వచ్చాడు. పెద్దిరాజుకు అన్న, పక్క వీధిలో కొబ్బరికాయల వ్యాపారం. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆయన మరదలితో ఎదురుపడి మాట్లాడింది లేదు. ఆయనొస్తే ఆమె తలుపు చాటుకు వెళుతుంది, ఆయన అరుగుమీద కూర్చుని స్తంభాన్ని చూస్తూ మాట్లాడతాడు. మధ్యలో మాట అందించడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ రోజు పోలమ్మ ఉంది.

"సంచి నిండా సామాన్లు పట్టుకుని అమలాపురం బస్సెక్కేరని విన్నాను. అమ్మడానికేనేమో కనుక్కోండి పోలమ్మగారూ," అన్నాడు సత్తియ్య స్తంభంతో.

ఈయనకు వ్యాపారం సంగతి అప్పుడే తెలిసిపోయిందా అని లక్ష్మీదుర్గ సిగ్గుపడింది. గుట్టు ఎలాగూ బయటపడింది కదా అని, "అమ్మడానికేనని చెప్పండి," అంది లోపలి నుంచి.

"అమ్మడానికేనంటండి," అంది పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఇంకా ఏమేం అమ్ముతారంట?"

"చిన్నపిల్లల బట్టలు కూడానని చెప్పండి. దేవుడి దయ వల్ల ఇంకా చాలా అమ్మాలని ఉందని చెప్పండి."

పిల్ల బట్టలు కూడా! సత్తియ్య ఇంకేమీ అడగలేకపోయాడు. కండువాతో మొహం ఒత్తుకుని తిన్నగా ఫోన్ బూత్‌కు వెళ్ళి మస్కట్ కలపమన్నాడు.

"తమ్ముడూ, పరువు పోయిందిరా. మీ ఆవిడ ఇంటింటికీ తిరిగి పాతచీరలు అడుగుతోంది. ఇంట్లో సామాన్లు, ఆఖరికి పసిదాని బట్టలు కూడా అమ్మేస్తోందిరా. నీతో చెప్పుకోలేకపోతోంది కాబోలు. నువ్వేం అడక్కు, పాపం చిన్నబుచ్చుకుంటుంది."

పెద్దిరాజు అడగలేదు. తను పంపేది చాలడం లేదనీ, నోరు తెరిచి చెప్పలేక దుర్గ ఇన్నాళ్ళూ నలిగిపోయిందనీ అనుకుని, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. తెల్లవారగానే కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు.

అదే రోజు అమలాపురంలో శ్రీనివాసరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దొరుకుతాయని రాయించిన జవాబు చూసి సీతారత్నంగారు పన్నెండు జుబ్బాలు చెప్పారు. ఆవిడ మాట మీద ఆ అపార్టుమెంట్లోని ఇంకో ఇద్దరు అమ్మమ్మలు ఇరవై ఎనిమిది చెప్పారు. పీచు పట్టాలు కూడా కావాలట.

శుక్రవారం ఫోను మోగింది.

"ఏమండీ, నేను ముందు చెప్తాను."

"కాదు దుర్గా, నేను ముందు. బెంగెట్టుకోకు. సంతకం పెట్టేసేను. రెండేళ్ళు. జీతం కూడా కాస్త పెంచేరు. ఇంక నువ్వు ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు."

ఆమె చేతిలో ఆర్డరు కాగితం ఉంది. దాన్ని మిషను మీద పెట్టింది. తర్వాత మెల్లగా, నెట్ సెంటర్ దగ్గర మొదలుపెట్టి, చీరల మీదుగా, నలభై జుబ్బాల దాకా చెప్పింది.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ," అంది చివరికి.

"అడిగితే నువ్వు బాధపడతావేమోనని..."

"మరి నేనెందుకు చెప్పలేదో అడగండి."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆర్డరొచ్చేక చెప్పి, మిమ్మల్ని రమ్మందామని."

ఫోను పెట్టేశాక ఆమెకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది గానీ ఎవరి మీద పడాలో తెలియలేదు. వీధిలో ఒక్కరు కూడా చెడు తలపెట్టలేదు. మంచి చేసినవాళ్ళను ఏమని తిడతాం? కళ్ళు తుడుచుకుని మళ్ళీ మిషను ముందు కూర్చుంది. పుట్టబోయే పసివాళ్ళు ఆమె మొగుడి కోసం ఆగరు కదా.

తమ్ముడు ఫోన్లో ఏమన్నాడో ఏమో, సాయంత్రం సత్తియ్య వచ్చాడు. అరుగుమీద కూర్చోలేదు. పోలమ్మ కోసం చూడలేదు. తిన్నగా లోపలికొచ్చి మిషను ముందు నిలబడ్డాడు. లక్ష్మీదుర్గ కంగారుగా లేచింది గానీ, తలుపు చాటుకు వెళ్ళలేదు.

"అమ్మా, తప్పు నాది," అన్నాడాయన తల వంచుకుని. "ఎందుకమ్మా అని ఆ వేళే నిన్ను అడగాల్సింది."

"అడిగితే చెప్పేదాన్ని బావగారూ," అంది ఆమె.

ఏడేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. దానికి రెండేళ్ళు ఖర్చయింది.