పొగబెట్టిన చేప

ఆ శుక్రవారం పొద్దున ఖాదర్ మొహిద్దీన్ అనుకున్నది ఒక్కటే. మధ్యాహ్నం అన్నంలోకి తన చేప పెట్టి, భార్య మదార్బీ చేత 'బాగుంది' అనిపించుకోవాలి. సౌదీలోని హుఫూఫ్‌లో వాళ్ల పక్క గదిలో ఉండే రామాంజి ఊరినుంచి తెచ్చిన ఎండుచేపలు ఇచ్చిన నాటినుంచి ఆమె నోట అతని పేరే.

"రామాంజన్న చేప అంటే చేప!"

"ఆయప్ప ఏం జేసినాడే? ఎండబెట్టింది ఎండ కదా!"

"ఆ ఎండ మనకూ ఉంది. నువ్వేం ఎండబెట్టినావు?"

ఆ మాట గుచ్చుకుంది. అలాస్కాలో యూపిక్ జనం సాల్మన్ చేపను ఎండబెట్టే తీరు ఫోన్‌లో చూశాడు. ఆమెకు తెలియకుండా చేప కొన్నాడు. తోక దగ్గర విడిపోకుండా రెండుగా చీల్చి, తోలు తెగకుండా గాట్లు పెట్టి, ఉప్పునీళ్లలో ఊరబెట్టి, మిద్దె మీద చలిగాలికి వేలాడదీశాడు. ఇక పొగ పెట్టడమే మిగిలింది. అక్కడివాళ్లు సన్నటి పొగ రోజుల తరబడి పెడతారు. ఖాదర్‌కు మధ్యాహ్నంలోగా కావాలి. ఎండు ఖర్జూర మట్టలు ఒక మోపు తెచ్చి ఒకేసారి అంటించాడు.

మిద్దె ఆ చివర ఇంటి యజమాని అబూ సాలెహ్ తొడుక్కునే తెల్లటి తోబులు, ఆ పొడుగు అంగీలు, ఆరుతున్నాయి. ఖాదర్ చూసేసరికి అవి టీ రంగులో ఉన్నాయి. మంట ఆర్పి, వాటి మీద సీసాడు అత్తరు చల్లాడు.

చూపు ఆనని అబూ సాలెహ్ అందులో ఒకటి తొడుక్కుని జుమ్మా నమాజుకు బయలుదేరాడు. వెనక నడుస్తున్న ఖాదర్‌కు ముందు ఒక పిల్లి కనబడింది. మసీదు దగ్గరికి వచ్చేసరికి వీధిలోని పిల్లులన్నీ ఆయన వెంటే ఉన్నాయి.

తిరిగొచ్చిన ఆయన నేరుగా మిద్దె ఎక్కి, వచ్చీరాని ఉర్దూలో అరిచాడు. "ఎవరు చేశారిది?"

గది ఖాళీ చేయమంటాడని ఖాదర్ దిక్కులు చూశాడు. బట్టలు ఆరేయడానికి బకెట్‌తో వచ్చిన రామాంజి ఎదురుగా కనిపించాడు.

"రామాంజి, షేక్!" అని ఖాదర్ అతని వైపు వేలు చూపించాడు.

అబూ సాలెహ్ చేప వైపు నడిచాడు. ఒక ముక్క తుంచి నమిలాడు. ఇంకోటి తుంచాడు. కళ్లు చెమ్మగిల్లాయి. వాళ్ల నాయన సముద్రం దగ్గరినుంచి తెచ్చే చేప ఇట్లాగే ఉండేదట. వచ్చి రామాంజిని కౌగిలించుకుని, నెల అద్దె వద్దన్నాడు.

"షేక్, అది చేసింది నేను!" అన్నాడు ఖాదర్.

"ఇప్పుడు నీదైందా?"

"నిజం షేక్, ఖాదరే చేసినాడు," అన్నాడు రామాంజి.

"చూశావా, ఈయన మంచితనం!" అని అబూ సాలెహ్ మళ్లీ కౌగిలించుకున్నాడు.

అన్నాల వేళ రామాంజి, తనదైపోయిన చేపలో సగం తెచ్చి ఇచ్చి పోయాడు. ఖాదర్ ఉన్నదంతా చెప్పాడు. మదార్బీ నవ్వింది.

"కుళ్లుకున్యా ఒక పద్ధతుండల్ల! తిని సూడు, రామాంజన్న పొగ గూడా ఎంత బాగా పెట్టినాడో."

ఖాదర్ తిన్నాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది.