దృక్పథ నిర్ధారణ కేంద్రం, మహిళల పేజీ

నాగరికత నిప్పుతోనో చక్రంతోనో మొదలైందని పుస్తకాల్లో రాస్తారు. ఉత్త అబద్ధం. ఎవరికి ఏ ఉద్యోగం ఎందుకు నచ్చిందో వాళ్లకంటే ముందే పక్కింటివాళ్లు చెప్పగలిగిన రోజున నాగరికత మొదలైంది. ఆ బరువైన బాధ్యతను పక్కింటివాళ్ల నుంచి తీసుకుని, ఒక భవనం కట్టి, కౌంటర్లు తెరిచి, టోకెన్లు ఇచ్చి నడుపుతున్నదే దృక్పథ నిర్ధారణ కేంద్రం. (పక్కింటివాళ్లను గౌరవ సలహాదారులుగా కొనసాగిస్తున్నారు.)

కాలేజీలో ఐటీ సీటు రావాలంటే మార్కులొక్కటే చాలవు. ఆ రంగాన్ని మీరు ఏ దృష్టితో చూస్తున్నారో ఈ కేంద్రం తేల్చి ముద్ర వేయాలి. మా చెల్లికి మార్కులున్నాయి, ముద్ర లేదు. మేం కేంద్రానికి వెళ్లిన రోజే గడువుకి ఆఖరు. సాయంత్రం కౌంటర్ మూసేలోగా ముద్ర పడకపోతే సీటు వెనక నిలబడ్డవాళ్లకి పోతుంది.

మా చెల్లిని ఇంట్లో అందరూ ‘రిపేరు’ అంటారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చేతికందిందల్లా విప్పేది. మొదట్లో తిరిగి బిగించడం రాదు కాబట్టి అది తిట్టుపేరు. తర్వాత బిగించడమూ వచ్చింది, ముద్దుపేరైంది. మొన్నామధ్య మా బిల్డింగ్ నీళ్ల ట్యాంకు పొర్లబోయే ముందు అందరి ఫోన్లూ మోగేలా ఒక ప్రోగ్రాం రాసింది. అది పనిచేసింది కూడా. బిల్డింగ్ సంఘం అధ్యక్షుడు స్వయంగా వచ్చి మా నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లాడు.

మాతోపాటు తమ్ముడు, అంటే పిన్ని కొడుకు కూడా వచ్చాడు. చెల్లికంటే కాస్త చిన్న, ఇద్దరిదీ ఒకే క్లాసు. వాడికి ఐటీ వద్దు. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పాలని వాడి కోరిక. ఆ మాట చెప్పిన మర్నాడే బాబాయి వాడి పేరున ఐటీకి దరఖాస్తు పెట్టి, వాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. (రక్త పరీక్షలో ఏమీ తేలలేదు. బాబాయి ఇంకో ల్యాబ్ వెతుకుతున్నాడు.)

మా టోకెన్ నంబర్ పిలిచేసరికి దృక్పథాధికారి ఏసీ కింద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, తమ్ముడికి కుర్చీ చూపించాడు.

“చెప్పు బాబూ, ఐటీ ఎందుకు?”

“ఏమోనండీ.”

అధికారి మొహం విప్పారింది. పురుషుల పేజీలో కారణాలు ఇవీ: ఆశయం, నాయకత్వం, ప్రపంచాన్ని మార్చడం, ఇష్టం, ఏమో. చివరిదాని పక్కన ‘అనంత అవకాశాలకు తెరిచి ఉంచిన మనసు’ అని వివరణ కూడా ఉంది. దాని ఎదురుగా టిక్ పెట్టాడు.

“అసలు నాకు చిన్నపిల్లలకి చదువు చెప్పాలనుందండీ,” అన్నాడు తమ్ముడు ధైర్యం చేసి.

“అంటే ఆన్‌లైన్ పాఠాల కంపెనీ పెడతావన్నమాట. శభాష్!”

“కంపెనీ కాదండీ. పిల్లలు. అఆలు దిద్దించడం.”

“ఎంత పెద్ద కంపెనీ అయినా అఆలతోనే మొదలవుతుంది బాబూ.” నాయకత్వం ఎదురుగా కూడా ఒక టిక్ పడింది.

అంతలో కంప్యూటర్ బిగుసుకుపోయింది. అధికారి మౌస్‌ని బల్లకేసి కొట్టాడు. కీబోర్డుని తలకిందులు చేసి దులిపాడు. ఆఖరికి మానిటర్‌ని ‘అమ్మా, తల్లీ’ అని బతిమాలాడు. రిపేరు ఇక ఆగలేక బల్ల పక్కనుంచి చేయి చాపి, నాలుగు కీలు నొక్కి, వెనక ఊడిన తీగని గట్టిగా గుచ్చింది. పేజీ మళ్లీ వచ్చింది.

“ఈ కాలం కుర్రాళ్లకి కంప్యూటరంటే వెన్నతో పెట్టిన విద్య!” అని అధికారి తమ్ముడి భుజం తట్టాడు.

“నేను కాదండీ, అక్క.”

“పైగా వినయం!” దానికీ ఒక టిక్. తమ్ముడి కాగితం మీద ముద్ర పడింది. వాడు దాన్ని రిపోర్టులో జబ్బు తేలినవాడిలా పట్టుకుని పక్కకి జరిగాడు.

ఇప్పుడు చెల్లి వంతు.

“నువ్వు చెప్పు తల్లీ. ఐటీ ఎందుకు?”

“ఇష్టం సార్.”

“ఇష్టమేలే, కాదన్నదెవరు? కారణం చెప్పు.”

“అదే కారణం.”

అధికారికి కోపం రాలేదు. ఇరవైయేళ్లుగా ఆడపిల్లల మనసులు వాళ్లకి విడమరిచి చెబుతున్న మనిషి. స్క్రీన్ మావైపు తిప్పాడు. మహిళల పేజీ. ఎండన పడి తిరగక్కర్లేదు. ఏసీ ఉంటుంది. ఆఫీసు బండి ఇంటిముందు దింపుతుంది. పెళ్లయ్యాక ఇంట్లోంచే చేసుకోవచ్చు. సంబంధాలు బాగా వస్తాయి. అక్క చేస్తోంది.

“వీటిల్లో ఏది నీ మనసులో మాట?”

“ఇందులో ఇష్టం లేదు కదా సార్.”

“లేదంటే ఏంటమ్మా అర్థం? ఉండదనేగా. నిపుణులు కూర్చుని పెట్టిన లిస్టిది.”

నేను కల్పించుకున్నాను. నేనూ ఇదే రంగంలో ఉన్నానని, ఇష్టపడే వచ్చానని చెప్పాను. అధికారి నా వివరాలు అడిగి పాత ఫైలు తెరిచాడు. అక్కడ నా దృక్పథం స్పష్టంగా ఉంది: ఏసీ. (నింపింది నాన్న. నాకు ఏసీ పడదు. ఆఫీసులో పొద్దున్నుంచీ తుమ్ములే.)

“చూశావా తల్లీ? మీ అక్క ఏసీ కోసం వెళ్లింది, సుఖంగా ఉంది.”

నేను తుమ్మాను. ఆయన దాన్ని ఆమోదంగా తీసుకున్నాడు.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఈ కేంద్రం వాడే సాఫ్ట్‌వేర్ చూసుకునేది మా కంపెనీయే. మా టీమే. ఆ లిస్టులో ఒక్క పదం చేర్చడానికి నాకు అరనిమిషం చాలు. కాకపోతే నడుస్తున్న సిస్టమ్‌ని ముట్టుకునే అనుమతి మా టీమ్‌లో ఒత్తిడి తట్టుకోగలవాళ్లకే ఇస్తారు. వాళ్లకి ఒత్తిడి వచ్చినప్పుడు ఫోన్ చేసేది నాకు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, వరండాలోకి వెళ్లి టీమ్ లీడర్‌కి ఫోన్ చేశాను.

“మహిళల పేజీలో ‘ఇష్టం’ చేర్చాలి. మగవాళ్ల పేజీలో ఉందిగా, అక్కడిది ఇక్కడ పెడితే అయిపోతుంది.”

“పెట్టొచ్చు. డేటా ఉందా మరి? ఇన్నేళ్లలో ఒక్క అమ్మాయైనా అది ఎంచుకుందా?”

“లేని ఆప్షన్ ఎలా ఎంచుకుంటుంది?”

“నేనూ అదే అంటున్నా. ఎవరూ ఎంచుకోలేదు.”

“ఇక్కడ మా చెల్లి అడుగుతోంది.”

“అడగడం వేరు, ఎంచుకోవడం వేరు. నువ్వు మరీ పర్సనల్‌గా తీసుకుంటున్నావ్. ఇదే టాపిక్ రేపు మీటింగ్‌లో పెడదాం. ‘అమ్మాయిలు ఈ రంగంలో ఎందుకు నిలబడట్లేదు’ అని. మగవాళ్లం నలుగురం మాట్లాడతాం. నోట్స్ నువ్వు రాసెయ్, నీ చేతిరాత బాగుంటుంది.”

“నోట్స్ టైపు చేస్తాం కదా.”

“అదే, నీట్‌గా ఉంటుంది.”

నేను లోపలికొచ్చేసరికి పక్క కౌంటర్ షట్టర్ సగం దిగింది. రిపేరు కుర్చీ అంచున కూర్చుని ఉంది. విప్పడానికి స్క్రూ ఎక్కడుందో వెతికేటప్పుడు ఎలా చూస్తుందో, ఆ లిస్టుని అలా చూస్తోంది.

“కారణం తేలకపోతే ఏమవుతుంది సార్?” అని అడిగింది.

“కంగారేం లేదు తల్లీ. ‘అనిశ్చిత దృక్పథం’ కింద చిన్నపిల్లల టీచర్ కోర్సుకి దానంతటదే పోతుంది. అక్కడ కారణాలేమీ అడగరు. ఆడపిల్లలకి పుట్టుకతో వస్తుందిగా.”

గోడకానుకున్న తమ్ముడు గబగబా ముందుకొచ్చాడు.

“సార్ సార్! ఆ సీటు నాకిచ్చి, నాది అక్కకి ఇచ్చేయండి. ఇద్దరం సంతకం పెడతాం.”

“త్యాగబుద్ధి కూడా ఉంది కుర్రాడికి.” అధికారి తమ్ముడి ఫైలు మళ్లీ తెరిచి ఇంకో టిక్ పెట్టాడు. “కానీ కుదరదు బాబూ. నీ ‘ఏమో’ తనకి వర్తించదు. ఆడపిల్ల ‘ఏమో’ అంటే అయోమయం అని లెక్క.”

“అక్కకి అయోమయం లేదు సార్,” అన్నాడు వాడు. “మా అందర్లో అది లేనిది అక్కకొక్కదానికే.”

“ఒరేయ్, ఊరుకో,” అంది చెల్లి మెల్లగా.

నేను వంగి దాని చెవిలో చెప్పాను. పై అధికారికి అర్జీ పెడదామని, గట్టిగా అడుగుదామని, అవసరమైతే వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నిద్దామని. చెప్పే ప్రతి మాటా నాకే తేలిగ్గా వినిపించింది. ఏడాది పోయేది నాది కాదు.

“వచ్చే ఏడాదికి ఈ లిస్టు మారుతుందా అక్కా?”

నేను మా టీమ్‌ని తలుచుకున్నాను.

“మరి ఏడాది ఎందుకు పారేసుకోవడం?” అని అది అధికారి వైపు తిరిగింది. “మూడోది పెట్టండి సార్. బండి.”

“ఆఫీసు బండి ఇంటిముందు దింపుతుంది?”

“ఆఁ. అదే.”

“గట్టిగా చెప్పు తల్లీ. స్వచ్ఛందంగా చెప్పినట్టు రికార్డవ్వాలి.”

“ఆఫీసు బండి ఇంటిముందు దింపుతుందని, సార్.”

బల్లమీది మైకు పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది. యంత్రం గుర్రుమని కాగితాన్ని బయటికి నెట్టింది. అధికారి దానిమీద ముద్ర గుద్ది, ఊది ఆరబెట్టి, నిండు మనసుతో చెల్లి చేతిలో పెట్టాడు.

“ఈ నిజమేదో మొదటే చెప్పుంటే ఎంత టైమ్ కలిసొచ్చేది!” అన్నాడు. తర్వాత షట్టర్ దింపడానికి లేస్తూ, పెద్దదాన్ని కాబట్టి నాకు విడిగా వివరించాడు. “ఆప్షన్లు పెంచమని మీలాంటివాళ్లు అప్పుడప్పుడూ అడుగుతుంటారు మేడమ్. పెంచకూడదని మాకేమీ పంతం లేదు. కానీ ఇంతవరకు ఒక్క ఆడపిల్లయినా ఇష్టంతో వచ్చినట్టు రికార్డే లేదు. ఇవాళ మీ కళ్లముందే జరిగిందిగా, మీ చెల్లి కూడా బండి కోసమే వచ్చింది.”